మాస్కు వెనక మాట

రాజోలు దాటాక కాలవ గట్టు మీదున్న ఆ జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరు ఝాన్సీ అంటే వెనక బెంచీ పిల్లలకి హడలు. ఆమె కొట్టేది కాదు, తిట్టడం కూడా తక్కువే. కానీ ఆమె క్లాసులో గుసగుసలు సాగేవి కావు. బోర్డు మీద డెల్టా పటం గీసి ఇటు తిరిగేసరికి ఆఖరి బెంచీలో ఎవరైనా పెదాలు కదిపితే చాలు, "సినిమా కబుర్లు సాయంత్రం చెప్పుకోండి నాయనా, ముందు నదుల పేర్లు రాసుకోండి" అనేసేది. పక్కవాడికే సరిగా వినపడని మాట బోర్డు దగ్గరున్న టీచరుకి ఎలా అందిందో ఎవరికీ అంతుపట్టేది కాదు. "టీచర్ గారివి పాము చెవులు రా" అనుకునేవారు. ఆ మాట తిరిగి తిరిగి ఆమె దాకా వచ్చింది. విని లోలోపల మురిసిపోయింది కూడా.

యాభై దాటిన మనిషి. తాత ఆ చుట్టుపక్కల చేలల్లో కూలి చేసినవాడు. మిషన్ బళ్ళో అక్షరాలు నేర్చిన తండ్రి ఎలిమెంటరీ స్కూలు మేష్టారయ్యాడు. ఆయన కూతురు బీఈడీ చదివి హైస్కూలుకొచ్చింది. "మనం చెప్పింది సగం పాఠమేనే, పిల్లలు అడిగిందే మిగతా సగం" అని తండ్రి అంటుండేవాడు. ఝాన్సీ ఉద్యోగమంతా ఆ మాట మీదే నడిచింది. ఆమె పీరియడ్లో పిల్లలు అడగాలి, వాదించాలి, ఒకళ్ళనొకళ్ళు కాదనాలి. పక్క క్లాసు టీచర్లు గోల భరించలేక తలుపులేసుకునేవారు. భర్త ఫిలిప్ పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు. ఒక్కతే కూతురు జాస్మిన్, విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆ స్కూలు లెక్కల మేష్టారు శ్యామ్ బాబుని పట్టుకుపోయింది. స్కూల్లో అందరికంటే చిన్నవాడు. మళ్ళీ బడి తెరిచేసరికి స్టాఫ్ రూములో ఆయన కుర్చీ అలాగే ఉంది, ఎవరూ కూర్చోవడం లేదు. హెడ్‌మిస్ట్రెస్ ఉమాదేవి గారు గేటు దగ్గర నిలబడి మాస్కు లేని పిల్లాడినల్లా వెనక్కి పంపేవారు. "పాఠం పోతే మళ్ళీ చెప్పుకుంటాం. మనిషి పోతే ఎక్కణ్ణుంచి తెస్తాం?" అనేవారు.

ఝాన్సీ కూడా మాస్కు పెట్టుకుంది, పెట్టుకోమంది. కానీ క్లాసులోకి అడుగు పెట్టిన రోజునే ఆమెకేదో తేడా కొట్టింది. పిల్లలంతా ఒక్కసారిగా గొంతులు పోగొట్టుకున్నట్టున్నారు. ఏదైనా అడిగితే లేచి నిలబడతారు, చేతులు ఆడిస్తారు, కళ్ళు తిప్పుతారు. మాట మాత్రం బురదలో కూరుకున్నట్టు ఎక్కడో ఆగిపోతోంది.

"గట్టిగా చెప్పరా."

"చెప్పేనండి."

"నమలకుండా చెప్పు."

"ఆయ్, చెప్పేనండి!"

ఆ 'ఆయ్' ఒక్కటే స్పష్టంగా వినపడేది. రెండేళ్ళు ఇళ్ళల్లో ఫోన్లు పట్టుకుని కూర్చుని మాట్లాడటం మరిచిపోయారు, దానికి తోడు ఈ గుడ్డలొకటి, అని విసుక్కుంది. మెల్లగా ప్రశ్నలు అడగడం తగ్గించేసింది. పాఠం తనే చెప్పేసి, నోట్సు రాయించి వచ్చేసేది. క్లాసులో గోల తగ్గిందని పక్క గదుల వాళ్ళు సంతోషించారు. ఇంటికొచ్చాక ఆమెకి మాత్రం రోజంతా ఏ పనీ చేయనట్టుండేది. అలసట మాత్రం రెండింతలు.

ఆ ఏడే తొమ్మిదో తరగతిలో కొత్తగా చేరినవాడు యశ్వంత్. ముందు బెంచీలో కూర్చునేవాడు, చెయ్యెత్తేవాడు. ఏం చెప్పినా గాలి ఊదినట్టుండేది. "ఒక్క నిమిషం మాస్కు దించి చెప్పు బాబూ" అంటే తల అడ్డంగా ఊపేవాడు. మంచినీళ్ళు తాగేటప్పుడు కూడా గోడవైపు తిరిగి తాగేవాడు. మొండిఘటం అనుకుంది ఝాన్సీ. ఒకరోజు నాలుగైదుసార్లు చెప్పించుకుని, "నీకు చెప్పాలని లేకపోతే చెయ్యెందుకెత్తుతావు?" అని కసిరింది. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత వాడు చెయ్యెత్తలేదు.

జనవరిలో పదిహేనేళ్ళు నిండిన పిల్లలకి టీకాలొచ్చాయి. ఊళ్ళో పుకార్లు అంతకుముందే వచ్చేశాయి. ఆడపిల్లలకి వేస్తే పిల్లలు పుట్టరని ఒకరు, మగపిల్లలకి గుండె ఆగిపోతుందని ఇంకొకరు. పదో తరగతి తల్లిదండ్రుల్లో సగం మంది సరేనన్నారు. మిగిలినవాళ్ళు దుర్గారావు ఏం చేస్తాడా అని చూస్తూ కూర్చున్నారు. దుర్గారావుకి కొబ్బరితోటా, వరి చేలూ ఉన్నాయి, ఊళ్ళో మాట చెల్లుతుంది. కూతురు కీర్తి పదో తరగతి.

ఝాన్సీ ఆయన ఇంటికి వెళ్ళింది. వీధి అరుగు మీద ఇద్దరూ చెరో చివర కూర్చున్నారు. ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి ఆయన మూతికి మాస్కు లేదు. అందుకని ఆ రోజు ప్రతి మాటా ఆమెకి చక్కగా అందింది.

"టీచర్ గారూ, మీరు మా అమ్మాయికి చెడు చెప్పరని నాకు తెలుసండి. కానీ రేప్పొద్దున్న దానికేమన్నా అయితే నేనెవర్ని అడగాలండి?"

"నన్నడగండి. రెండు సూదులూ నేను పొడిపించుకున్నాను. మా జాస్మిన్ పొడిపించుకుంది. శ్యామ్ బాబు మేష్టారు మాత్రం, వచ్చే నెల చూద్దాంలే అన్నాడు. ఆ వచ్చే నెల ఆయనకి రాలేదు."

లోపలి గుమ్మం దగ్గర నిలబడి కీర్తి వింటోంది.

"నాన్నా, నేను వేయించుకుంటాను" అంది.

"సరేనమ్మా" అన్నాడాయన చివరికి. "అయితే ఒక్క మాటండి టీచర్ గారూ. సూది పడ్డాక కూడా పొద్దస్తమానం ఆ గుడ్డ కట్టుకుని కూర్చోమంటే ఒప్పుకోనండి. పిల్ల ఊపిరాడట్లేదని ఏడుస్తోంది. రెండు సూదులూ అయ్యేక అది తీయించేస్తానని మాటివ్వండి, రేపే పంపిస్తాను."

ఝాన్సీ వెంటనే మాటిచ్చేసింది. అది తన మనసులో మాట కూడాను.

కీర్తి వేయించుకుంది. దుర్గారావు కూతురే వేయించుకున్నాక మిగతావాళ్ళూ పంపారు. చెయ్యి నొప్పీ, ఒకరిద్దరికి జ్వరమూ తప్ప ఏమీ కాలేదు. ఫిబ్రవరిలో రెండో డోసు కూడా అయింది. అవ్వగానే దుర్గారావు అడగనే అడిగాడు. ఝాన్సీ స్టాఫ్ రూములో ఎత్తుకుంది: "సూదులయిపోయాయి, కేసులు తగ్గిపోయాయి, ఇంకా పిల్లల నోళ్ళెందుకు కట్టెయ్యడం? మొహం కనపడకుండా పాఠమేంటండీ?"

ఉమాదేవి గారు ఒప్పుకోలేదు. "అందరికీ ఎక్కడయ్యాయండీ? పదో తరగతికే కదా?" అన్నారు. తగువు తేలక, తల్లిదండ్రుల్ని పిలిచి మీటింగు పెట్టారు.

ఆటస్థలంలో కుర్చీలు దూరదూరంగా వేశారు. అందరి మూతులకీ మాస్కులు. అవతల కాలవ గట్టు మీద ట్రాక్టర్లు పోతున్నాయి. ఎవరెవరో లేచి మాట్లాడారు. ఝాన్సీకి గాలి వాటాన కొన్ని ముక్కలు వస్తున్నాయి, కొన్ని పోతున్నాయి. దుర్గారావు చెయ్యి ఆడించే తీరుని బట్టి ఆయనేమంటున్నాడో పోల్చుకుంది. చివరికి వెనక వరసలో ఒక సన్నపాటి ఆమె లేచి నిలబడింది. పేరు నిర్మల, ఊళ్ళో జాకెట్లు కుడుతుంది, యశ్వంత్ తల్లి. తలొంచుకుని మెల్లగా మాట్లాడుతోంది. ఝాన్సీ ముందుకి వంగి విన్నా ఆమెకి అందిన ముక్కలివి: మాస్కులు, ఇంతమంది పిల్లల్ని ఇబ్బంది పెట్టడం, తప్పు, మాన్పించే...

ఇన్నాళ్ళకి ఒక తల్లి తన పక్షాన మాట్లాడిందని ఝాన్సీకి ప్రాణం లేచొచ్చింది. మాస్కులు మాన్పించేయమంటోంది మరి.

"బాగా చెప్పేవమ్మా!" అంది అందరికీ వినపడేలా. "మాన్పించేయడమే మంచిది. నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదే!"

ఆటస్థలమంతా ఒక్కసారిగా చల్లబడిపోయింది. నిర్మల పమిట భుజం మీదికి లాక్కుని, కుర్చీల మధ్యనుంచి నడుచుకుంటూ గేటు బయటికి వెళ్ళిపోయింది. దుర్గారావు కూడా నేలచూపులు చూశాడు. "ప్రస్తుతానికి మాస్కులుంటాయి, మళ్ళీ చెప్తాను" అని ఉమాదేవి గారు మీటింగు ముగించి, ఝాన్సీ వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు స్టాఫ్ రూములో ఎవరూ ఆమెతో కలిసి అన్నం తినలేదు. మాస్కులు వద్దన్నందుకు ఇంత కోపమా అని ఝాన్సీ కూడా బిగుసుకుంది. ముందు బెంచీలో యశ్వంత్ చోటు ఖాళీగా ఉంది. ఆ మర్నాడూ ఖాళీయే.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, భోజనాలయి ఫిలిప్ పేపరు చదువుకుంటుంటే జాస్మిన్ వీడియో కాల్ చేసింది. ఝాన్సీ ఫోను గ్లాసుకి ఆనించి పెట్టుకుని కబుర్లలో పడింది.

"చింతచిగురూ రొయ్యలూ వండేను... నువ్వేం తిన్నావు? పప్పేనా? వంట మనిషి రాలేదా?... వచ్చే వారం సెలవు పెట్టుకుని రా మరి... ఆ ఆకుపచ్చ చీరా? బీరువాలోనే ఉంది."

ఫిలిప్ పేపరు దించాడు. కాసేపు ఫోను వైపు చూశాడు, కాసేపు భార్య వైపు చూశాడు.

"ఝాన్సీ, ఎవరితో మాట్లాడుతున్నావు?"

"కనపడట్లేదా? పాపతో!"

"పాప మాట రావట్లేదు కదా."

"ఎందుకు రావట్లేదు? ఇంతసేపూ చెప్తోందిగా!"

ఫిలిప్ లేచి వచ్చి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. తెర మీద జాస్మిన్ మైకు గుర్తుకి అడ్డగీత ఉంది. ఆ అమ్మాయి తన ఫోనులో మైకు తీసేసిన సంగతి మరిచిపోయి మాట్లాడేస్తోంది. ఒక్క మాట కూడా ఇవతలికి రాలేదు. ఆయన సైగ చేస్తే చూసుకుని, నవ్వుతూ నొక్కింది. అప్పుడు గదిలోకి గొంతొచ్చింది.

"అయ్యో, సారీ నాన్నా! మరి అమ్మ అన్నిటికీ జవాబు చెప్పింది కదా?"

ఝాన్సీ కూతురి పెదాల వంకే చూస్తూ కూర్చుండిపోయింది. కొన్ని సంగతులు అర్థం కావడానికి ఎంతో కాలం పట్టదు. ఆమెకి అమ్మ జ్ఞానమ్మ గుర్తొచ్చింది. చర్చిలో ఎప్పుడూ మొదటి వరసలో పాస్టరు గారికి ఎదురుగా కూర్చునేది. భక్తి అనుకునేవారందరూ. చివరి రోజుల్లో అమ్మకి బొత్తిగా చెవుడు.

"ఏవండీ, నిజం చెప్పండి. నాకు వినపడదా?"

ఫిలిప్ కుర్చీ ఆమెకి ఎదురుగా లాక్కున్నాడు. "టీవీ సౌండు ఎక్కువ పెడతావు. వెనకనుంచి పిలిస్తే పలకవు. రోజంతా పిల్లల గోలలో ఉంటావు కదా, అలిసిపోయేవనుకునేవాణ్ణి. ఎదురుగా వచ్చి చెప్పడం అలవాటయిపోయింది."

వెనక బెంచీ గుసగుసలు ఆమె ఎన్నడూ చెవులతో వినలేదు. కళ్ళతో చదివింది. తనకే తెలియకుండా ఇన్నేళ్ళూ పిల్లల పెదాలు చూసే పాఠం నడిపింది. మాస్కులొచ్చి ఆ పుస్తకం మూసేసరికి, పిల్లలకి గొంతులు పోయాయనుకుంది.

అంతలో మీటింగు రోజు ఆటస్థలంలో పరుచుకున్న ఆ నిశ్శబ్దం గుర్తొచ్చింది.

సోమవారం గంట కొట్టక ముందే ఉమాదేవి గారి గదికి వెళ్ళింది. "మేడమ్, కిటికీ దగ్గరికి రండి. కాస్త దూరంగా నిలబడి, మాస్కు తీసి చెప్పండి. ఆ రోజు నిర్మల ఏమంది?"

ఉమాదేవి గారు వింతగా చూశారు. "మీరే కదండీ జవాబు చెప్పేరు?"

"నాకు వినపడలేదు మేడమ్. నాకు చెవులు పని చేయట్లేదు. నిన్ననే తెలిసింది."

ఉమాదేవి గారు మాస్కు దించి, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పారు. యశ్వంత్‌కి చిన్నప్పట్నుంచీ కిడ్నీ జబ్బు. వాడే మందులకి ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే బలం తగ్గిపోతుంది. ఆ మందులకే మొహం ఉబ్బుతుంది. పాత స్కూల్లో పిల్లలు 'బూరి' అని ఏడిపించేవారని, జబ్బు సంగతి క్లాసు టీచరుకీ హెడ్‌మిస్ట్రెస్‌కీ తప్ప ఎవరికీ చెప్పొద్దని తల్లి బతిమాలింది. అందుకే వాడు మాస్కు తీయడు. ఆ రోజు నిర్మల అన్నది ఇది: "అందరూ మాస్కులు తీసేస్తే మావాడికి ప్రమాదమన్నారండి డాక్టరు గారు. సూది వేయిద్దామంటే వాడి ఈడు పిల్లలకి ఇంకా రాలేదు. వాడొక్కడి కోసం ఇంతమంది పిల్లల్ని ఇబ్బంది పెట్టడం తప్పయితే చెప్పండి, వాణ్ణి బడి మాన్పించేస్తాను."

ఝాన్సీ గోడకి ఆనుకుంది.

"దానికి నేను... మాన్పించేయడమే మంచిదన్నాను."

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదే అని కూడా అన్నారు" అన్నారు ఉమాదేవి గారు. ఆపైన ఆవిడ గొంతు మారిపోయింది. "ఝాన్సీ గారూ, మీ నోట ఆ మాటేంటా అని నాకు నిద్ర పట్టలేదండి. అడగాల్సింది. కోపంలో అడగలేదు."

ఝాన్సీ ఆ పూట సెలవు పెట్టేసి తిన్నగా నిర్మల ఇంటికి వెళ్ళింది. రెండు గదుల పెంకుటిల్లు, వరండాలో కుట్టుమిషను. నిర్మల మిషను ఆపలేదు. టీచరు గుమ్మంలో నిలబడి ఉండగానే జాకెట్టు చెయ్యి ఒకటి కుట్టేసి, దారం కత్తిరించింది.

"కూర్చోండి" అంది చివరికి. అండీ అన్న మాట ఊళ్ళో ఎవరూ విడవరు కాబట్టి అందులో ఉంది గానీ, గౌరవం లేదు.

ఝాన్సీ కూర్చోలేదు. "నిర్మలమ్మా, నాకు చెవుడు. ఆ రోజు నువ్వన్నది నాకు సగమే వినపడింది. మాస్కులు మాన్పించమంటున్నావనుకున్నాను. నీ కొడుకుని మాన్పించమని చచ్చినా అనను తల్లీ."

నిర్మల ఆమె మొహంలోకి చూసింది. నమ్మాలా వద్దా అన్నట్టు చాలాసేపు చూసింది. తర్వాత లేచి మూడు బారల దూరం వెనక్కి జరిగి, మాస్కు దించి, అతి మెల్లగా ఏదో అంది.

"నీళ్ళు తాగుతారా అంటున్నావు" అంది ఝాన్సీ. "తాగుతాను, ఇవ్వు."

నిర్మల కూలబడినట్టు మిషను బల్ల మీద కూర్చుంది. ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది, ఏడుస్తూనే మళ్ళీ నవ్వింది. "వాడు చెయ్యెత్తితే మీరు తిట్టేరని చెప్పేడండి. ఈ టీచర్ గారికి మావాడంటే పడదు, పుండు మీద కారం చల్లినట్టు మీటింగులో కూడా అలాగన్నారు, అనుకున్నానండి. ఎంత తిట్టుకున్నానో తెలుసాండి మిమ్మల్ని!"

"ఇప్పుడు తిట్టు, మాస్కు లేదుగా. ఒక్కటీ తప్పిపోకుండా అర్థమవుతాయి."

లోపలి గది తలుపు వెనకనుంచి యశ్వంత్ ఇవతలికి వచ్చాడు. మొదటిసారి వాడి మొహం చూసింది ఝాన్సీ. నిజమే, బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. పై పెదవి మీద సన్నగా మీసం మొలుస్తోంది. ఆ రోజు చెయ్యెత్తి ఏం చెప్పబోయావని అడిగింది. "మన డెల్టా ప్రతి ఏడూ ఇంకా సముద్రంలోకి పెరుగుతోందా, ఆగిపోయిందా అని అడిగేనండి" అన్నాడు వాడు. అంత మంచి ప్రశ్న అడిగినవాణ్ణి కసిరి కూర్చోబెట్టానా అని ఆమె తనని తానే తిట్టుకుంది. మర్నాడు బడికొస్తే క్లాసులోనే దాని సంగతి తేల్చుకుందామంది. వాడు తల్లి వైపు చూశాడు. తల్లి తలూపింది.

ఇక దుర్గారావుకిచ్చిన మాట మిగిలింది. మళ్ళీ ఆయన అరుగెక్కి, ఉన్నదున్నట్టు చెప్పింది. పిల్లాడి జబ్బు సంగతి మాత్రం, తల్లిని అడిగాకే చెప్పింది.

"మాటిచ్చేరు కదండీ టీచర్ గారూ" అన్నాడాయన.

"ఇచ్చేను. తప్పు నాది. వినపడక నా బాధ నేను చూసుకున్నాను. ఆ వయసు పిల్లలకి కూడా సూదులొచ్చేదాకా ఆగమని అడగడానికొచ్చేను."

ఈసారి కూడా కీర్తే గుమ్మంలోనుంచి అంది. "మా క్లాసు ఆరుబయట పెట్టొచ్చు కదండీ? చెట్టు కింద దూరదూరంగా కూర్చుంటాం. అక్కడ మాస్కులు తీసేస్తాం, లోపలికొస్తే పెట్టుకుంటాం."

అదేదో ముందే తట్టలేదేమని పెద్దవాళ్ళిద్దరూ మొహాలు చూసుకున్నారు. ఉమాదేవి గారు ఒప్పుకున్నారు. పదో తరగతి గోడవారగా ఉన్న బాదం చెట్ల కిందికి మారింది. దుర్గారావు ఎండ పడకుండా తాటాకుల పందిరి వేయించాడు. మిగతా బడి అంతా మాస్కులు ఉంచుకుంది. ఎందుకుంచుకోవాలో ఝాన్సీయే ప్రార్థనలో నిలబడి చెప్పింది. యశ్వంత్ సంగతి ఎత్తలేదు. "మనలో కొందరికి టీకా ఇంకా రాలేదు. వాళ్ళకొచ్చేదాకా ఆగుదాం" అంది. తన సంగతి మాత్రం దాచలేదు. "నాకు వినపడదు. మీరు గొణగట్లేదు, నేనే వినట్లేదు. ఊరికే కసిరినందుకు ఏమీ అనుకోకండి. అడగాల్సింది కాగితం మీద రాసి పైకెత్తి చూపించండి."

ఆ తర్వాత ఆ వారమంతా కాగితాలే కాగితాలు. అడగడం మానేసిన క్లాసు మళ్ళీ అడగడం మొదలుపెట్టింది.

ఫిలిప్ ఆమెని రాజమండ్రి తీసుకెళ్ళాడు. చెవి పరీక్ష చేసిన అమ్మాయి, ఇన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చారండీ అని ఆశ్చర్యపోయింది. చెవుల వెనక పెట్టుకునే మిషన్లు రెండు వచ్చాయి. ఇంటికొచ్చాక మొదటి రెండు రోజులు ఝాన్సీకి ప్రపంచమంతా రేకుల షెడ్డులా మోగింది. ఫ్యానుకి ఇంత చప్పుడుందా? తన గాజులకి, తన చెప్పులకి? మధ్యాహ్నం కునుకు తీస్తున్న ఫిలిప్‌ని తట్టి లేపింది.

"మీరు గురక పెడతారా?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ" అన్నాడాయన, సగం కళ్ళు తెరిచి. "నీకు తెలుసనుకున్నాను."

ఒకటే చిక్కొచ్చింది. మాస్కు తాళ్ళూ చెవి మిషన్లూ ఒకే చోట పేచీ పడేవి. మాస్కు తీస్తే మిషను ఊడి పడేది. ఒకసారి పప్పు గిన్నెలో పడబోయింది. నిర్మల చూసి నవ్వి, చెవుల జోలికి పోకుండా తల వెనక ముడేసుకునే మాస్కులు, చీరలకి నప్పే రంగుల్లో కుట్టి పంపించింది.

మార్చి నెల సగంలో పన్నెండేళ్ళు దాటిన పిల్లలకి కూడా టీకా వచ్చింది. కాకినాడ డాక్టరు గారు యశ్వంత్‌కి వేయించమన్నారు. అయినా నిర్మలకి గుండె దడ తగ్గలేదు. "మీరూ రండి టీచర్ గారూ" అంది. వెళ్ళింది. సూది పడ్డాక అరగంట కూర్చోబెట్టారు. నిర్మల కొడుకు చెయ్యి పట్టుకుని వాడి మొహంలోకే చూస్తోంది. వాడు విసుగ్గా, "అమ్మా, నాకేం కాలేదు, ఆకలేస్తోందంతే" అన్నాడు. మాస్కు వెనకనుంచి, పక్కకి తిరిగి, మామూలు గొంతుతో అన్నాడు. ఝాన్సీ వాడి పెదాలు చూడలేదు, ఎటో చూస్తోంది. అయినా వినపడింది. సంచిలోంచి అరటిపళ్ళు తీసి వాడి చేతిలో పెట్టింది. నిర్మల గట్టిగా ఊపిరి వదిలి వెనక్కి ఆనుకుంది. ఎన్ని నెలల నుంచి బిగబట్టి ఉంచిందో ఆ ఊపిరి!

ఏప్రిల్లో రెండో డోసు కూడా అయింది. ఎండాకాలం సెలవులు గడిచాయి. కీర్తి ఫస్ట్ క్లాసులో పాసయి రాజోలు కాలేజీలో చేరింది. జూలైలో బడి తెరిచేసరికి మాస్కు పెట్టుకోవడం ఎవరిష్టం వారిదయింది. యశ్వంత్ కొన్నాళ్ళు పెట్టుకున్నాడు. మందు తగ్గించాక బుగ్గలు కూడా తగ్గాయి. తర్వాత ఎప్పుడో తీసేశాడు. ఎవరూ బూరి అనలేదు.

మొదటి రోజు ఝాన్సీ ఏడో తరగతిలోకి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయింది. కిందటేడు ఆరో తరగతిలో చేరినప్పట్నుంచీ మాస్కుల్లోనే ఉన్న పిల్లలు వాళ్ళు. ఇప్పుడు అన్నీ కొత్త మొహాలు. పళ్ళు, గడ్డాలు, పుట్టుమచ్చలు, ఊడిన పన్ను సందులోంచి నవ్వులు.

"ఎవర్రా మీరంతా? నేను పొరపాటున వేరే ఊరి బడికొచ్చేనా?"

పిల్లలు ఫక్కున నవ్వారు. ఒకడు తన పేరు చెప్పబోతుంటే ఆపేసింది.

"పేరు చెప్పకండి. ఏదైనా మాట్లాడండి, ఎవరో నేనే చెప్తాను."

బల్ల దగ్గర నిలబడి కళ్ళు మూసుకుంది. ఒక్కొక్కరే లేచి ఏదో ఒకటి అన్నారు. ఒకడు వాళ్ళ గేదె ఈనిందన్నాడు, ఒకమ్మాయి ఎక్కం చదివింది, ఇంకొకడు ఊరికే దగ్గాడు. ప్రతి గొంతుకీ ఆమె దగ్గర పేరుంది. దగ్గినవాణ్ణి కూడా పట్టేసింది. క్లాసంతా చప్పట్లు.

చివరగా ఒక చిన్నపిల్ల లేచింది. ఏమీ అనకుండా టీచరు మొహం వంకే చూస్తూ నిలబడింది. ఝాన్సీ కళ్ళు తెరిచింది.

"ఏంటమ్మా? మాట్లాడు."

"టీచర్ గారండీ" అంది ఆ పిల్ల సిగ్గుపడుతూ, "మీ ముక్కు ఇంత పెద్దదని మాకు తెలీదండి."

గోలకి పక్క గది టీచరు వచ్చి తలుపేసుకుంది. ఝాన్సీ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని పుస్తకం తీసింది.